శాకయూషవిధులు - నేఁటి పాకశాలలో వాని యన్వయము

ఇంగ్లీషువారు 'సూప్' అని వ్యవహరించు ద్రవాహారమునకు సంస్కృతమున సరియైన పేరు యూషము. ధ్వనిసామ్యమును బట్టి యాంగ్లపదమును సూపశబ్దభవముగాఁ దలంచుట సుకరమే కాని యుక్తము కాదు. అది ఫ్రెంచి భాషనుండి వచ్చినది. మూలమున జర్మానిక పదము. రసమున నానవేసిన రొట్టెముక్క దాని తొల్లింటి యర్థము. యూషశబ్దమునకు సజాతీయము లాటినులో రసవాచకమగు 'యూస్' అను పదము. ఇంగ్లీషు 'జ్యూస్' దాని సంతతిలోనిదే. శబ్దములయందువలెనే ప్రాచీన పాకవిధులయందును బైపోలిక మోసగించును.

1845లో వెలువడిన ఎలిజా యాక్టన్ గ్రంథమున నొక్కొక్క విధికిఁ జివరను ద్రవ్యపరిమాణమును బాకకాలమును వేఱుగాఁ జెప్పఁబడినవి. 1861 నాఁటి ఇసబెల్లా బీటన్ గ్రంథమున ద్రవ్యములు మొదటనే యుండును. ఈ విధులు సూత్రములవలె సంక్షిప్తములు. వ్రాసినవారికిఁ దెలిసినదానినెల్ల వ్రాయలేదు. కావున నామము, మానము, కాలము అను మూఁడింటిని విచారించి యన్వయింపవలెను.

మొదటిది నామము. బీటన్ గ్రంథమునఁ గ్యారెట్టు యూషములు రెండు కలవు. మొదటిదానికి ద్రవము మాంసము నుడికించిన నీరు. రెండవదానికి 'స్టాక్', అనఁగా మాంసాస్థుల రసము. ప్రధానద్రవ్యమును బట్టి కలిగిన పేరే కాని యవి శాకాహారములు కావు. అనువాదకుఁడు 'స్టాక్' అనుదానిని వట్టి నీరని వ్రాసినచో మూలమునకు ద్రోహము. తెలియక వండినచో శాకాహారికి వ్రతభంగము. నిజముగా మాంసవర్జితములైన విధులను గోరువారు 1812లో మార్తా బ్రదర్టన్ ప్రకటించిన శాకపాకగ్రంథమును జూడఁదగును. మాంసరసమునకు మాఱుగా నుల్లి, టర్నిప్పు, పుట్టగొడుగులు నుడికించి వడగట్టిన రసము వాడవచ్చును. ఆదేశము స్థాని చేయు పనిని జేయవలెను గదా! వట్టి నీ రాపని చేయఁజాలదు.

రెండవది మానము. 1824 నాఁటి శాసనముచే నేర్పడిన బ్రిటిషు పింటు 568 మిల్లీలీటర్లు. అమెరికా పింటు 473 మాత్రమే. గ్రంథ మేదేశమునదో నిర్ణయింపక కొలువరాదు. బీటన్ రెండవ విధిలోని 2 పౌనుల క్యారెట్టు 907 గ్రాములు, 3 ఔన్సుల వెన్న 85 గ్రాములు, 2 క్వార్టుల రసము ఇంచుమించుగా 2.27 లీటర్లు. చిన్న కుటుంబమునకు సగము చాలును.

మూఁడవది కాలము. కోసిన ముక్కలను వెన్నలో నెఱ్ఱబడనీయక గంటసేపు మగ్గించి, రసము పోసి మెత్తబడువఱకు, ఇంచుమించుగా మఱియొక గంట, సన్నని సెగపై నుంచవలెనని యా విధి. ఇచట విధేయము మెత్తబడుట, గంట యుపలక్షణమాత్రము. బొగ్గుపొయ్యికి సెగను గచ్చితముగా నియమించు సాధనము లేదు. నేఁటి గ్యాసుపొయ్యిపైఁ బలుచని ముక్కలకు వెన్నలోఁ బదునైదు నిమిషములు, రసములో నిరువదియైదు నిమిషములు సాధారణముగాఁ జాలును. అయినను గడియారమును గాక ముక్కనే పరీక్షింపవలెను. ఎఱ్ఱబడరాదను నిషేధము మాత్రము పొయ్యి మాఱినంతమాత్రమున మాఱదు. యూషము యొక్క వన్నెయు రుచియు దానిపై నాధారపడియున్నవి.

ప్రెషరు కుక్కరులో నీరు స్వల్పముగానే యావిరియగును గనుక రసమును దొలుత నించుక తగ్గించి, చాలనిచోఁ బిదపఁ గలుపవలెను. నాఁడు జల్లెడలో నొత్తి వడగట్టుటచే పీచు మీఁద నిలిచెడిది. మిక్సీలో నదియు నూషములోనే కలిసి చిక్కదన మధికమగును. సలసల కాఁగునదానిని మూసిన జారులో వేసిన నావిరి మూఁతను ఎగఁజిమ్మును. చల్లార్చి రుబ్బుట మేలు. పిమ్మట నుప్పు, మిరపపొడి చేర్చి, యైదు నిమిషములు మరల మెల్లగాఁ గాఁచి, తెట్టును దీసి, వేఁడిగా వడ్డింపవలెను.

పాత్రయు, నగ్నియుఁ, గొలతయు మాఱవచ్చును. విధి యుద్దేశించిన ఫలము మాఱరాదు. అక్షరమును మాత్రము పట్టుకొనువాఁడు దుంపలను రెండు గంటలు చెఱచును. అక్షరమును విడుచువాఁడు మాంసరసమును శాకమని వడ్డించును. ప్రాచీనగ్రంథమును ముందుగా సరిగాఁ జదివినవానికే దానిని మార్చు నధికారము కలదు.