మామిడి కోసే భుజాల సంగతి మీకు తెలుసా?

● నూజివీడు తోటల్లో రసాలు, బంగినపల్లి కోతలు ఎక్కువగా ఏప్రిల్, మే నెలల్లోనే సాగుతాయి. మిగతా ఏడాదంతా వేరే పనులు చేసిన భుజం ఉన్నట్టుండి పొద్దస్తమానం గడ ఎత్తాలి. కండరాన్ని ఎముకకు పట్టి ఉంచే టెండన్లను ఇలా ఒక్కసారిగా పెరిగిన పనే ఎక్కువగా దెబ్బతీస్తుంది. వాటికి రక్తప్రసరణ తక్కువ కాబట్టి కోలుకోవడమూ ఆలస్యమే. క్రికెట్ జట్లు ఫాస్ట్ బౌలర్ల ఓవర్లు లెక్కపెట్టేది ఇందుకే. కోత కూలీల గంటలు ఎవరూ లెక్కపెట్టరు.

● చివర చిక్కం (కాయలు పడే వల సంచి) కట్టిన గడ నిటారుగా ఉన్నంతసేపు పెద్ద కష్టం లేదు. దూరపు కొమ్మ కోసం గడను వాల్చినప్పుడే అసలు భారం. చిక్కంలో అరకిలో కాయలున్నాయి, గడ చివర మనిషికి 2 మీటర్ల దూరంలో ఉంది అనుకుందాం. 5 కిలోల బరువును 20 సెంటీమీటర్ల దూరాన పట్టుకున్నంత వంపు బలం చేతుల మీద పడుతుంది. గడ బరువు అదనం. నాలుగు అడుగులు వేసి కొమ్మ కిందికి జరిగితే ఇందులో చాలా భాగం తప్పుతుంది.

● పెద్ద గాలిపటం లాగుతుంటే పలక మీద నిలబడి సముద్రంలో దూసుకుపోయే కైట్‌సర్ఫర్లు తమిళనాడు తీరంలో, రామేశ్వరం వైపు కనిపిస్తారు. ఆ లాగుడును వాళ్లు చేతులతో ఆపరు. నడుముకు బిగించిన పట్టీకి తాళ్లు తగిలించుకుంటారు, చేతులు గాలిపటాన్ని తిప్పడానికే. అయినా గంటల తరబడి ఆడితే ముంజేతులు, భుజాలు, నడుము నొప్పెడతాయి. మన కోత మనిషికి ఆ పట్టీ కూడా లేదు. ఇది నాకు నిజంగా బాధ కలిగిస్తుంది. కవాతులో జెండా మోసేవాళ్లకు కర్ర మొదలు ఆనించుకోవడానికి తోలు పట్టీ ఉంటుంది. అలాంటిది కోత పనికీ ఎందుకు కుట్టించకూడదు?

● భుజం కీలును పట్టి ఉంచేవి నాలుగు చిన్న కండరాలు. చేతిని పక్కకు ఎత్తుతుంటే సుమారు 60, 120 డిగ్రీల మధ్య నొప్పి పట్టుకుని, దాటాక తగ్గితే ఆ టెండన్లు నలుగుతున్నాయని డాక్టర్లు అనుమానిస్తారు. ఆ పక్కకు తిరిగి పడుకుంటే రాత్రి నిద్ర పట్టకపోవడం మరో గుర్తు. దీన్ని వయసు మీదికి నెట్టేయకూడదు. చేయి లేవకపోయినా, వేళ్లు తిమ్మిరెక్కినా కోత ముగిసేదాకా ఆగకుండా చూపించుకోవాలి.

● మనిషి తల బరువు దాదాపు 5 కిలోలు. రోజంతా కొమ్మల వైపు చూస్తే మెడ పట్టేయక ఏం చేస్తుంది!

● కాయలు ఏరి గ్రేడు కట్టే పనిలో గంటల తరబడి గొంతుక్కూర్చునే ఆడవాళ్లకు మోకాళ్లు పోతాయి. చిన్న పీట వేసినా ఎంతో తేడా.

● పనిలో పదేపదే చేసే కదలికలూ, అసహజ భంగిమలూ జబ్బు తెస్తాయని ఇటలీ వైద్యుడు బెర్నార్డినో రామజ్జీని 1700లోనే పుస్తకం రాశారు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2010లో సవరించిన వృత్తి వ్యాధుల జాబితాలో మణికట్టు, మోచేయి, మోకాలి జబ్బులకు చోటుంది.

● ముదురు తోటల్లో కొమ్మలు కత్తిరించి చెట్టు ఎత్తు తగ్గించమని ఉద్యాన శాస్త్రవేత్తలు చెప్పేది గాలి, వెలుతురు, దిగుబడి కోసం. పొట్టి చెట్టుకు పొట్టి గడ చాలు కాబట్టి అది భుజానికీ మేలే. ఏటా చేసే కత్తిరింపుకు అదను కోత అయిన వెంటనే.