వసంతం వాకిట్లో.. ఒంటికి కావాలి రెండు వారాలు

నరసరావుపేట: మామిడి పిందె కట్టి, వేప పూత విరిసి, కోయిల కూస్తే వసంతం వచ్చినట్లేనని పంచాంగం చెబుతుంది. పల్నాడు కూలీలకు మాత్రం ఇది మిరప కోతల కాలం. మాఘ, ఫాల్గుణాల నుంచి చైత్రం దాకా కాయ కోయడం, కల్లాల్లో ఆరబెట్టడం, తాలు ఏరడం, టిక్కీలకు ఎత్తడం.. అన్నీ ఎండలోనే సాగుతాయి. కర్నూలు జిల్లాలోని కోసిగి, ఆదోని, మంత్రాలయం ప్రాంతాల నుంచి కుటుంబాలకు కుటుంబాలే వలస వచ్చి చేల గట్లపై గుడారాలు వేసుకుంటాయి. వడగాలుల హెచ్చరికలు ఎక్కువగా ఏప్రిల్, మే నెలల్లోనే వినవస్తాయి. అయితే దేహానికి అసలు పరీక్ష అంతకు ముందే, ఉగాదికి అటూ ఇటూ ఉన్న వారాల్లోనే ఆరంభమవుతుంది. ఆ వారాలను జాగ్రత్తగా గడిపిన వారికే నడివేసవిని తట్టుకొనే శక్తి వస్తుంది.

2003 వేసవిలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మూడు వేల మందికి పైగా, 2015లో రెండు తెలుగు రాష్ట్రాల్లో కలిపి 1,900 మందికి పైగా ఎండ తీవ్రతకు ప్రాణాలు కోల్పోయినట్లు అధికారిక గణాంకాలు చెబుతున్నాయి. అందువల్ల ఈ జాగ్రత్తలను పండుగ పూట చెప్పుకొనే మంచి మాటలుగా కొట్టిపారేయడానికి వీల్లేదు.

దేహం నేర్చుకొనే విద్య

చలికాలమంతా నీడపట్టున గడిపిన వ్యక్తి ఒక్కసారిగా ఎండలో పనికి దిగితే తొలి రోజుల్లో చెమట ఆలస్యంగా పడుతుంది. పట్టిన చెమటలో ఉప్పు అధికంగా పోతుంది. గుండె మామూలు కన్నా వేగంగా కొట్టుకుంటుంది. రోజూ కొంతసేపు వేడిలో శ్రమిస్తూ ఉంటే వారం నుంచి రెండు వారాల్లో ఈ స్థితి మారుతుంది. రక్తంలోని ద్రవభాగం పెరుగుతుంది, చెమట త్వరగా, ధారాళంగా పడుతుంది, దానితో పాటు పోయే ఉప్పు తగ్గుతుంది. నిన్న ఆయాసం తెప్పించిన పని నేడు సులువనిపించడానికి కారణం ఇదే. చల్లని గదిలో కూర్చుంటే ఈ అలవాటు అబ్బదు. అబ్బిన తరువాత వారం పాటు పని మానేస్తే తిరిగి సడలడం మొదలవుతుంది.

అమెరికాలో ఆరుబయట పనుల్లో వేడి వల్ల సంభవించిన మరణాల్లో సగం, లేదా అంతకు మించి, పనిలో చేరిన తొలి కొద్ది రోజుల్లోనే జరిగినట్లు అక్కడి కార్మిక భద్రత విభాగం పేర్కొంటోంది. కొత్తగా పనిలోకి వచ్చిన వారిని మొదటి రోజు అయిదో వంతు సమయం మాత్రమే వేడిలో ఉంచాలని, ఆపై రోజుకు మరో అయిదో వంతుకు మించి పెంచరాదని ఆ దేశపు నిపుణుల సూచన. ఆ పనిలో అనుభవం ఉండి విరామం తరువాత తిరిగి వచ్చిన వారైతే మొదటి రోజు సగం, నాలుగో రోజుకు పూర్తి పని చేయవచ్చు.

ఈ లెక్క కాగితంపై సులువే. కిలోల చొప్పున కూలి కట్టే చోట నీడకు వెళ్లిన ప్రతి ఘడియా కూలీ సంపాదనకు కోతే. కాబట్టి ఈ నియమాన్ని పాటించాల్సిన బాధ్యతను కూలీపైనే మోపడం న్యాయం కాదు. ముఠా మేస్త్రి, చేను గల రైతు పూనుకొంటేనే అది అమలవుతుంది. తెల్లవారుజామున పని మొదలుపెట్టి, మధ్యాహ్నం 12 నుంచి 3 గంటల నడుమ ఆపి, చల్లబడ్డాక కొనసాగిస్తే ఎవరికీ పెద్దగా నష్టం ఉండదు. చేలో చెట్టు లేకుంటే నాలుగు గుంజలు పాతి పట్టా కట్టినా నీడ దొరుకుతుంది.

దాహం చెప్పే దాకా ఆగవద్దు

ఎండలో శ్రమించే వారు పావుగంటకో, ఇరవై నిమిషాలకో ఒక గ్లాసు చొప్పున నీరు తాగాలని వైద్యులు చెబుతారు. ఒక్కసారే చెంబెడు తాగడం కన్నా కొద్దికొద్దిగా పలుమార్లు తాగడం మేలు. మూత్రం వరిగడ్డి రంగు కంటే ముదిరితే ఒంట్లో నీరు తగ్గిందని గుర్తించాలి.

మహిళా కూలీల విషయంలో ఈ సలహా ఆచరణకు వచ్చేసరికి అడ్డం తిరుగుతుంది. కోత కోసే వారిలో అధికులు స్త్రీలే. చేల వద్ద మరుగు ఉండదు. మూత్ర విసర్జనకు వెళ్లాల్సి వస్తుందన్న సంకోచంతో ఉదయం నుంచి గొంతు తడుపుకోవడమే తప్ప కడుపునిండా నీరు తాగని వారు ఊరూరా కనిపిస్తారు. ఫలితంగా తలనొప్పి, కళ్లు తిరగడం, మూత్రంలో మంట, ఆపై మూత్రనాళ ఇన్‌ఫెక్షన్లు వారిని పీడిస్తాయి. చేను గట్టున పాత చీరలతో, తాటాకులతో చిన్న మరుగు కట్టించడానికి రైతుకు అయ్యే ఖర్చు స్వల్పం. నీళ్ల బిందెతో పాటు ఆ ఏర్పాటు కూడా లేనిదే ‘నీరు ఎక్కువగా తాగండి’ అని స్త్రీలకు చెప్పడంలో అర్థం లేదు.

మిరప ఘాటు మరో బాధ. చేతులకు అంటిన కారం నీటితో మాత్రమే కడిగితే పోదు. కొద్దిగా నూనె రాసి, తరువాత సబ్బుతో కడుక్కోవాలి. ముక్కు, నోరు మూసేలా గుడ్డ కట్టుకోవడం, కడగని చేతులతో కళ్లు నులమకపోవడం తప్పనిసరి.

పచ్చడి, పానకం, అంబలి

ఆయుర్వేద గ్రంథాలు వసంతంలో కఫం ప్రకోపిస్తుందని, తేలికైన ఆహారం, వ్యాయామం అవసరమని, పగటి నిద్ర, అతి తీపి, నూనె పదార్థాలు తగవని చెబుతాయి. గ్రీష్మం వచ్చేసరికి వ్యాయామం తగ్గించమంటాయి. రెండు రుతువుల నడుమ వెళ్లే రుతువులోని చివరి ఏడు రోజులు, వచ్చే రుతువులోని తొలి ఏడు రోజులు కలిపి రుతుసంధి అని, ఆ కాలంలో పాత అలవాట్లను క్రమంగా విడిచి కొత్తవి చేపట్టాలని అష్టాంగహృదయం బోధిస్తుంది. నేటి వైద్యులు ఎండ అలవాటుకు చెప్పే గడువు కూడా ఇంచుమించు అంతే కావడం ఆసక్తికరం. రెండింటి దారులు వేరైనా తొందర కూడదన్న మాట ఒక్కటే.

ఉగాది పచ్చడిని సర్వరోగ నివారిణిగా వర్ణించడం అతిశయోక్తే. ఏడాదికొకసారి నాలుకపై వేసుకొనే చెంచాడు వేపపూత రోగాలను తరిమివేయదు. మన పల్లెల్లో నిజంగా పనిచేసే వేసవి వంటకాలు వేరే ఉన్నాయి. జొన్న, రాగి అంబలి, మజ్జిగ కలిపిన చద్దన్నం, పల్చని ఉప్పు మజ్జిగ చెమటతో పోయిన నీటిని, ఉప్పును ఏకకాలంలో భర్తీ చేస్తాయి. శ్రీరామనవమి పానకంలో బెల్లం శక్తినిస్తుంది. మధుమేహం ఉన్నవారు దానికి, రక్తపోటు, మూత్రపిండాల వ్యాధులు ఉన్నవారు ఉప్పు మజ్జిగకు ముందుగా వైద్యుని సలహా తీసుకోవాలి. కల్లు, సారా దాహం తీర్చకపోగా ఒంట్లోని నీటిని బయటకు పంపుతాయి.

ఓఆర్‌ఎస్ పొట్లాన్ని చాలామంది గ్లాసులో కొంచెం కొంచెంగా కలుపుతుంటారు. ఇది పొరపాటు. లీటరు నీటికని ముద్రించిన పొట్లాన్ని మొత్తంగా లీటరు శుభ్రమైన నీటిలోనే కలిపి, ఆ రోజే వాడేయాలి. పొట్లం దొరకనప్పుడు లీటరు నీటికి ఆరు సమతల చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు సరిపోతాయి.

నడక మానేసిన పెద్దలు తిరిగి మొదలుపెట్టడానికి ఇది అనువైన కాలమే. పొద్దు ఎక్కక ముందే పది, పదిహేను నిమిషాలతో ఆరంభించి పెంచుకోవాలి. మూత్రం ఎక్కువగా పోయేందుకు ఇచ్చే మాత్రలు, కొన్ని రక్తపోటు మందులు, కొన్ని మానసిక వ్యాధుల మందులు వాడేవారిలో వేడిని తట్టుకొనే శక్తి తగ్గుతుంది. అలాగని సొంతంగా మందులు ఆపరాదు. మోతాదు గురించి ఎండలు ముదరక ముందే వైద్యుని అడగాలి.

ఆటలమ్మ వస్తే..

ఈ రుతువులోనే పిల్లల్లో ఆటలమ్మ ఎక్కువగా కనిపిస్తుంది. ఇది వైరస్ వల్ల వచ్చే అంటువ్యాధి. సోకిన 10 నుంచి 21 రోజుల్లో బయటపడుతుంది. పొక్కులు రావడానికి ఒకటి రెండు రోజుల ముందు నుంచి అన్నీ ఎండి పక్కు కట్టే దాకా ఇతరులకు అంటుతుంది. అప్పటి వరకు పిల్లవాడిని బడికి పంపరాదు. వేపాకు పరచి పడుకోబెట్టడం ఆచారం, దానితో హాని లేదు. అయితే స్నానం, తగిన ఆహారం మాన్పించడం, వైద్యుని వద్దకు వెళ్లకపోవడం మంచిది కాదు. జ్వరానికి ఆస్పిరిన్ ఇవ్వకూడదు. పెద్దలకు, గర్భిణులకు సోకితే ప్రమాదం ఎక్కువ. పొక్కులు కనిపించిన 24 గంటల్లోపు మందు మొదలైతే ఉపయోగం అధికం. దీనికి టీకా కూడా ఉంది.

వడదెబ్బ లక్షణాలు

తలనొప్పి, కండరాల బిగుతు, వాంతి వచ్చేలా ఉండటం తొలి సూచనలు. ఆ దశలోనే నీడకు చేర్చి ద్రవాలు ఇస్తే చాలామంది కోలుకుంటారు. మాట తడబడటం, ఏం చేస్తున్నారో తెలియకపోవడం, ఒళ్లు కాలిపోవడం, స్పృహ తప్పడం కనిపిస్తే అది వడదెబ్బ. చెమట పడుతోంది కదా అని నిర్లక్ష్యం చేయరాదు. శ్రమ చేస్తూ పడిపోయిన వారిలో చెమట ఉండవచ్చు. వెంటనే 108కు ఫోన్ చేసి, వాహనం వచ్చే లోపు బట్టలు వదులు చేసి, ఒళ్లంతా నీళ్లు పోస్తూ విసరాలి. చంకల్లో, మెడ వద్ద, గజ్జల్లో తడిగుడ్డలు ఉంచాలి. స్పృహ లేని వ్యక్తి నోట్లో నీళ్లు పోయరాదు, ఊపిరితిత్తుల్లోకి వెళ్తాయి. సాధారణ జ్వరం మాత్ర ఈ వేడిని తగ్గించదు. పొలం నుంచి రోడ్డు దూరమైతే ట్రాక్టరు ఎక్కించే ముందే ఒళ్లు చల్లబరచడం మొదలుపెట్టి, దారి పొడవునా తడుపుతూనే ఉండాలి.