కంప్యూటరు తాళము ఎవరి చేత నుండవలెను?

పూర్వము పంచాయతీ లెక్కలు పెట్టెలో నుండెడివి. తాళము బాధ్యత గలవారి చేత నుండెడిది. నేడు లెక్కలు కంప్యూటరులోనికి వచ్చినవి. 2020 ఏప్రిల్ 24న ఈ-గ్రామస్వరాజ్ ప్రారంభమైనది. అయినను తాళము అవసరము తీరలేదు.

కంప్యూటరు తెరపై కనిపించు ప్రతి ఆజ్ఞయు ఒక అధికారమే. పద్దు వ్రాయుట యొకటి, దిద్దుట యొకటి, చెల్లింపునకు ఆమోద మిచ్చుట వేరొకటి. ఇవన్నియు ఒక్కరి చేతిలో నున్నచో పొరపాటును గాని మోసమును గాని కనిపెట్టువారుండరు. కావున ఆపరేటరునకు తన పనికి వలసిన ఆజ్ఞలు మాత్రమే కనబడవలెను. సాల్ట్జర్, ష్రోడర్ అను శాస్త్రజ్ఞులు 1975లో ఈ సూత్రమును వివరించిరి. 'సుడో' అను సాధనము దీనికి తార్కాణము. ఎవరు ఏ ఆజ్ఞలను నడుపవచ్చునో అందు ముందే పట్టికగా వ్రాసియుంతురు. పట్టికలో లేనిది నడువదు. ఎవరేమి నడిపిరో నమోదగును.

ఈ-గ్రామస్వరాజ్ చెల్లింపులలోను సిద్ధము చేయువారొకరు, పరిశీలించి ఆమోదించువారు మరొకరు. అయితే ఆమోదించువారు తమ డిజిటల్ సంతకపు కీని, పాస్‌వర్డును ఆపరేటరున కప్పగించినచో ఈ కట్టుబాటంతయు వ్యర్థమే. సంతకపు కీని తన అదుపులో నుంచుకొనుట దాని యజమాని బాధ్యతయని 2000 సంవత్సరపు సమాచార సాంకేతిక చట్టము 42వ సెక్షను విధించుచున్నది.

సభ్యులారా! ఎవరికి ఏ అధికారమున్నదో సమావేశమున విచారింపుడు. ఆపరేటరు మారిన నాడే పాత ప్రవేశమును తొలగింపించుడు. ఇది ఆపరేటరును అనుమానించుట కాదు. నిర్దోషిని నిందనుండి కాపాడుట, గ్రామ ధనమును రక్షించుట.