హబ్ తిప్పకుండా ఫోర్ వీల్ వేస్తే?

సార్వా దమ్ముల రోజుల్లో కాలువ గట్టు దిగి పుంతలోకి వెళ్లిన జీపు దిగబడిందంటే, చుట్టూ చేరినవాళ్లు మొదట అడిగేది ఒకటే: "ఫోర్ వీల్ బండే కదండీ, మరి లాగదేం?" అడగాల్సిన ప్రశ్నే. దానికి జవాబు ఇంజన్లో దొరకదు. వెనక హౌసింగ్‌లోనూ, ముందు చక్రాల నడిబొడ్డునున్న హబ్‌లోనూ వెతకాలి.

ఒక చక్రం గిరగిరా తిరుగుతుంటే పక్కది కదలకుండా ఎందుకు నిలబడుతుంది?

ఆ హౌసింగ్‌లో డిఫరెన్షియల్ ఉంది కాబట్టి. అయితే అది లేకపోతే బండి మలుపే తిరగలేదు. రెండు చక్రాల మధ్య దూరం 1.3 మీటర్లు అనుకోండి. రావులపాలెం సెంటర్లో అమలాపురం వైపు తిరిగేటప్పుడు బయటి చక్రం లోపలి చక్రం కంటే రెండు మీటర్లకు పైగా ఎక్కువ నడవాలి. రెండూ ఒకే ఇరుసుకు బిగించి ఉంటే ఏదో ఒక టైరు రోడ్డును రాసుకుంటూ పోవాల్సిందే. డిఫరెన్షియల్ వాటికి వేర్వేరు వేగాలిస్తుంది. కానీ లాగే బలాన్ని మాత్రం రెండింటికీ సమానంగానే పంచుతుంది. చిక్కంతా అక్కడే ఉంది. రేగడి బురదలో జారే చక్రానికి పట్టు లేదు, కాబట్టి అది తీసుకునే బలం చాలా తక్కువ. గట్టి నేల మీదున్న రెండో చక్రానికీ అంతే అందుతుంది. ఎంత రేజ్ చేసినా జారే చక్రం గొయ్యి తవ్వుకోవడం తప్ప జరిగేదేమీ ఉండదు.

డెల్టాలో ట్రాక్టరు తోలే ప్రతివాళ్లకూ దీనికి విరుగుడు తెలుసు. సీటు కింద మడమతో నొక్కే పెడల్ ఉంటుంది, అదే డిఫరెన్షియల్ లాక్. నొక్కితే రెండు వెనక చక్రాలూ ఒక్కటై తిరుగుతాయి. చక్రం జోరుగా జారుతుండగా నొక్కకూడదు, పళ్లు విరుగుతాయి. క్లచ్ తొక్కి, చక్రం ఆగనిచ్చి, పెడల్ నొక్కి, నెమ్మదిగా క్లచ్ వదలాలి. బయటపడ్డాక కాలు తీస్తే స్ప్రింగు దాన్ని విడిపిస్తుంది. ఒక్కోసారి బరువు మీద ఇరుక్కుని విడిపోదు, అది చూసుకోవాలి. లాక్ పడి ఉండగా ట్రాక్టరు తిన్నగానే పోతుంది, స్టీరింగ్ మాట వినదు. గట్టు పక్కన అలా తిప్పబోతే ప్రాణం మీదికి వస్తుంది. లాక్ పనిచేయకపోతే ట్రాక్టరుకు ఇంకో దారి ఉంది. బ్రేకులు కుడి, ఎడమలకు విడివిడిగా ఉంటాయి కదా, జారే వైపు బ్రేకు మెల్లగా తొక్కితే రెండో చక్రానికి బలం చేరుతుంది.

మరి జీపుకు హబ్ ఎందుకు?

ముందు చక్రాలను అవసరమైనప్పుడే యాక్సిల్‌కు తగిలించడానికి. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత మిగిలిపోయిన జీపుల్ని జనం మామూలు రోడ్ల మీద తిప్పసాగారు. వాటి కోసం ఆర్థర్ వార్న్ 1948లో అమెరికాలోని సియాటిల్‌లో ఇలాంటి హబ్బుల కంపెనీ పెట్టాడు. మన దగ్గర ఈ పద్ధతిని ఎక్కువమంది చూసింది మారుతి జిప్సీలో. హబ్ మధ్యలో గుండ్రటి బిళ్ల ఉంటుంది. ఫ్రీలో ఉంటే చక్రం ఒక్కటే తిరుగుతుంది, లోపలి యాక్సిల్, ముందు డిఫరెన్షియల్ నిద్రపోతుంటాయి. లాక్‌కు తిప్పితే లోపలి పళ్ల రింగు జరిగి చక్రాన్నీ యాక్సిల్‌నీ కలిపేస్తుంది. రోడ్డు మీద ఫ్రీలో ఉంచితే అనవసరపు అరుగుదల ఉండదు, స్టీరింగ్ కొంచెం తేలికవుతుంది, డీజిలో పెట్రోలో కాస్త మిగులుతుంది.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాం. హబ్బులు ఫ్రీలో ఉండగా డ్రైవరు లోపల కూర్చుని ఫోర్ వీల్ లివర్ వేశాడనుకోండి. ముందు షాఫ్టు తిరుగుతుంది, ముందు చక్రాలకు మాత్రం ఏమీ అందదు. ఒక హబ్ లాక్ చేసి రెండోది మరిచిపోయినా అంతే. డిఫరెన్షియల్ ఫ్రీగా ఉన్న వైపే తిరిగి ఊరుకుంటుంది. పైగా లో గేరు వేసి ఉంటే ఆ బలమంతా వెనక యాక్సిల్ ఒక్కటే మోయాలి, విరిగినా ఆశ్చర్యం లేదు.

ఏ వరసలో చేయాలి?

తారు వదలకముందే ఆగి, దిగి, రెండు హబ్బులూ లాక్‌కు తిప్పండి. దిగబడ్డాక మోకాలి లోతు బురదలో హబ్ వెతకడం ఎంత కష్టమో ఒక్కసారి పడ్డవాళ్లకే తెలుస్తుంది. చేత్తోనే తిప్పాలి, కటింగ్ ప్లేయర్ పెట్టొద్దు. బిళ్ల సగంలో ఆగితే బండిని జానెడు ముందుకో వెనక్కో కదిపితే పళ్లు కలుస్తాయి. తర్వాత లివర్ వేయండి. హబ్బులు లాక్‌లో ఉన్నా లివర్ టూ వీల్‌లో ఉంటే తారు మీద ఇబ్బంది లేదు, అందుకే దారి పొడవునా బురద, తారు మారుతూ ఉంటే హబ్బుల్ని అలాగే వదిలేయొచ్చు. ఫోర్ వీల్‌లోనే తారు రోడ్డు మీద మలుపులు తిరగడం మాత్రం తప్పు. ముందు చక్రాలు వెనక వాటికంటే ఎక్కువ దూరం నడవాలి, ఆ తేడాను సర్దే డిఫరెన్షియల్ మధ్యలో ఈ బండ్లకు లేదు. లోపలంతా బిగుసుకుపోయి లివర్ రానంటుంది. అప్పుడు లివర్‌తో కుస్తీ పట్టకుండా తిన్నగా నాలుగు గజాలు రివర్స్ తీయండి, వదిలేస్తుంది.

ఇవన్నీ చేస్తే ఎక్కడైనా బయటపడతామా?

లేదు. ఫోర్ వీల్ వేసినా, హబ్బులు కలిపినా, ముందూ వెనకా డిఫరెన్షియల్స్ మామూలువే అయితే ముందు ఒక చక్రం, వెనక ఒక చక్రం జారితే చాలు, బండి ఆగిపోతుంది. గట్టును ఏటవాలుగా ఎక్కేటప్పుడు ఎదురెదురు మూలల చక్రాలు గాల్లోకి లేస్తే బండి నిలిచిపోయేది అందుకే. 2015 నుంచి కొన్ని థార్‌ల వెనక హౌసింగ్‌లో, రెండు చక్రాల వేగాల్లో తేడా పెరిగితే తనంతట తానే పడే లాక్ వచ్చింది, అది ఇలాంటి చోట చాలా మేలు. అయినా దమ్ము చేసిన చేలో అడుగు నేలకు ఆనుకుందంటే ఏ లాకూ పనిచేయదు. దమ్ము చక్రాల ట్రాక్టరును పిలవాల్సిందే. అంతర్వేది ఇసుకలో అయితే లాక్ కంటే ముందు టైర్ల గాలి తగ్గించడమే మంచి ఉపాయం.

మారేడుమిల్లి వైపు వాగులు దాటేవాళ్లకు ఇంకొక్క మాట. వేడెక్కిన హౌసింగ్ చల్లటి నీళ్లలో మునిగితే లోపలి గాలి ముడుచుకుని, సీళ్లలోంచి నీళ్లు లాగేసుకుంటుంది. దాని గాలి గొట్టం మూసుకుపోకుండా చూసుకోండి, తిరిగొచ్చాక ఆయిల్ పాలలా తెల్లబడిందేమో చూడండి, హబ్ విప్పించి గ్రీసు మార్పించండి. వాగులు దాటకపోయినా నెలకోసారి హబ్బులు లాక్ చేసి కొన్ని కిలోమీటర్లు టూ వీల్‌లోనే నడపండి, ముందు డిఫరెన్షియల్ పళ్లకు ఆయిల్ అందుతుంది.