పేరుకు తగ్గ పడవ

విశ్వాసులు కొత్తగా ఏది కొన్నా పాస్టరును అడిగే మాట ఒకటుంది: ‘అయ్యగారూ, మంచి పేరొకటి చెప్పండి.’ ఇంటికి బేతేలు, దుకాణానికి ఎబెనెజరు, ట్రాక్టరుకు యెహోవా నిస్సి. మన ఆర్మూరు పసుపు పండే నేల. కానీ దగ్గరలోనే పోచంపాడు ఉంది. అక్కడి శ్రీరాంసాగర్ జలాశయంలో చేపలు పట్టి బతికేవారికి పడవే పొలం. దానికి మంచి పేరు కోరుకోవడం సహజమే. సిరిసంపదల కంటే మంచి పేరే మిన్న అని సామెతల గ్రంథం కూడా బోధిస్తోంది (22:1). అయితే పడవకు మంచి పేరు అంటే ఏది?

పౌలు మెలితే ద్వీపం నుండి ప్రయాణమైన ఓడ మీద, నావికులను కాపాడతారని ఆనాటి గ్రీకులు, రోమీయులు నమ్మిన జంట దేవతల చిహ్నం ఉంది (అపొ.కా. 28:11). ఆ గుర్తు చూసి పౌలు ఓడ ఎక్కడం మానలేదు. సువార్త ఆ ఓడలోనే ఇటలీ తీరం చేరింది. ఇక యేసుప్రభువు కూర్చుని బోధించిన దోనె పేరేమిటో లూకా రాయనే లేదు. అది సీమోనుదని మాత్రమే చెప్పాడు (లూకా 5:3). రాత్రంతా ఖాళీగా తిరిగిన ఆ దోనె ప్రభువు మాటకు లోబడి నిండింది, పక్క దోనెను కూడా నింపింది.

మరి పరిశుద్ధమైన పేరే పెడితే? 1564లో ఇంగ్లండు నుండి జాన్ హాకిన్స్ నడిపిన ఓడ పేరు ‘జీసస్ ఆఫ్ లూబెక్’. అది ఎలిజబెత్ రాణి ఇచ్చిన ఓడ. ప్రతిదినం దేవుని సేవించాలని, ఒకరినొకరు ప్రేమించాలని హాకిన్స్ తన నావికులను ఆజ్ఞాపించాడు. కానీ ఆ ప్రయాణం దేనికి? ఆఫ్రికా మనుషులను బలవంతంగా పట్టి, సముద్రం దాటించి బానిసలుగా అమ్మడానికి! పైన యేసు నామం, లోపల బందీల మూలుగు.

దేవుని నామాన్ని వ్యర్థంగా ఉచ్చరించకూడదన్నది మూడవ ఆజ్ఞ (నిర్గమ 20:7). అక్కడి హెబ్రీ మాటకు ‘ఎత్తుకొను, మోయు’ అనే అర్థం ఉంది. అంటే ఈ ఆజ్ఞ నోటితో పలికే మాటకే కాదు, మనం మోసే పేరుకు కూడా వర్తిస్తుంది. ఆ ఓడ యేసు నామాన్ని వ్యర్థంగా మోసింది.

1856లో అమెరికాలో మరో ఓడ తయారైంది. పసిఫిక్ ద్వీపాలకు మిషనరీలను చేర్చే ఆ ఓడ కోసం సండేస్కూలు పిల్లలు తలా పది సెంట్లు వాటా వేసుకున్నారు. పేరు ‘మార్నింగ్ స్టార్’, అంటే వేకువచుక్క. ప్రకటన గ్రంథంలో ప్రభువు తనకు చెప్పుకున్న పేరే అది (22:16). అక్కడ పేరుకూ పనికీ పొత్తు కుదిరింది.

పసుపు కొనేవాడు సంచి మీద అచ్చేసిన పేరు చూసి ధర కట్టడు, కొమ్ము విరిచి లోపలి రంగు చూస్తాడు. దేవుడు కూడా పైరూపాన్ని కాదు, హృదయాన్ని చూస్తాడు (1 సమూ. 16:7). కాబట్టి ‘కృప’ అని పేరు పెట్టుకున్న పడవలో కూలికి వచ్చినవాని వాటా తగ్గకూడదు. ‘షాలోం’ అని రాసుకున్న పడవ తోటివారి వలల మధ్యకు తగాదాకు పోకూడదు. ‘ఇమ్మానుయేలు’ అని రాసి, మోయగలిగినదాని కంటే ఎక్కువమందిని ఎక్కించి, దేవుడు తోడున్నాడులే అనుకోవడం విశ్వాసం కాదు, ప్రభువును శోధించడమే (మత్తయి 4:7).

పడవకు మనకు నచ్చిన మంచి పేరు పెట్టుకుందాం, ప్రార్థించి నీళ్లలోకి దింపుదాం. అయితే రంగుతో రాసిన పేరు నాలుగు వానలకు వెలిసిపోతుంది. అంతియొకయలో శిష్యులకు మొదటిసారి వచ్చిన ‘క్రైస్తవులు’ అన్న పేరు (అపొ.కా. 11:26) మాత్రం నేటికీ మన మీదే ఉంది. ఆ పేరును వ్యర్థంగా మోయకుండా ప్రభువు మనకు సహాయం చేయును గాక!