సైనిక్‌పురిలో పాత ఇల్లు కొంటున్నారా? అసలు పత్రాలు చూశాకే బయానా

సికింద్రాబాద్: మాజీ సైనికుల కాలనీగా రూపుదిద్దుకున్న సైనిక్‌పురిలో పాత ఇల్లు కొనేవారు ముందుగా వారసుల వివరాలు విచారించాలి. తొలి యజమాని వీలునామా లేకుండా మరణిస్తే వారసులందరి సంతకాలూ అవసరం. ఒక్కరు సంతకం చేయకున్నా ఆ వాటా కొనుగోలుదారుకు సంక్రమించదు. విదేశాల్లో ఉన్న వారసులు ఇచ్చే జీపీఏను అక్కడి భారత రాయబార కార్యాలయంలో ధ్రువీకరింపజేసి, ఇక్కడికి చేరిన 3 నెలల్లోగా స్టాంపు వేయించాలి.

ఈసీలో రిజిస్టరైన లావాదేవీలే కనిపిస్తాయి. అందువల్ల మొదటి దస్తావేజు నుంచి లింకు పత్రాల అసలు ప్రతులు పరిశీలించాలి. అవి లేవంటే బ్యాంకు తనఖాలో ఉన్నాయేమో ఆరా తీయాలి.

ధర రూ.50 లక్షలు, ఆపైన ఉంటే 1 శాతం టీడీఎస్ మినహాయించి జమచేయాల్సిన బాధ్యత కొనుగోలుదారుదే. విక్రేత ప్రవాస భారతీయుడైతే ఈ పరిమితి వర్తించదు, రేటూ ఎక్కువే.