విసరణము – మన ఊపిరికి ఆధారము

నిశ్చలమైన నీటిలో ఒక సిరా చుక్కను విడిచినచో, ఎవరును కలుపకుండగనే అది క్రమముగా నలుదెసలకు వ్యాపించును. అణువులు నిరంతరము అన్ని దిశలకు చలించుచుండుటచే, గాఢత ఎక్కువగా నున్న చోటి నుండి తక్కువగా నున్న చోటికి మొత్తము మీద వాటి ప్రసరణ జరుగును. దీనినే విసరణమందుము. దీని సూత్రమును 1855లో జర్మన్ శాస్త్రజ్ఞుడు అడాల్ఫ్ ఫిక్ ప్రతిపాదించెను.

ఇందు మనము గ్రహింపదగిన ముఖ్యవిషయ మొకటి గలదు. దూరము పదింతలైనచో పట్టు కాలము నూరింతలగును. నీటిలో ప్రాణవాయువు మిల్లీమీటరులో నూరవ వంతు దూరమును రెప్పపాటులో దాటును. ఒక సెంటీమీటరు దాటుటకు గంటలు పట్టును. అందుచేతనే సూక్ష్మమైన అమీబాకు ఊపిరితిత్తులు గాని, గుండె గాని అవసరము లేదు. మన దేహమునకు మాత్రము విసరణ మొక్కటే చాలదు.

మన ఊపిరితిత్తులలో 30 కోట్లకు పైగా వాయుగోణులు గలవు. వాటిలోని గాలికిని రక్తమునకును నడుమనున్న పొర మందము మిల్లీమీటరులో సుమారు వెయ్యవ వంతు మాత్రమే. దాని గుండా ప్రాణవాయువు రక్తములోనికిని, బొగ్గుపులుసు వాయువు వెలుపలికిని విసరణము చెందును. దూరప్రయాణమును గుండె, రక్తనాళములు నిర్వహించును. రక్తకేశనాళికల నుండి కణములోనికి వేయవలసిన చివరి అడుగు మరల విసరణముదే.

పొగాకు పొగ ఈ వాయుగోణుల గోడలను నాశనము చేసి, విసరణమునకు గల వైశాల్యమును తగ్గించును. నశించిన గోడలను ఏ మందును తిరిగి నిలుపజాలదు. కావున విద్యార్థులమైన మనము ఈ పాఠమును పరీక్ష కొఱకే గాక, మన ఊపిరి కొఱకును జ్ఞప్తియం దుంచుకొనవలెను.